తల్లి పేరు చెప్పండి

మా ఊరి పెద్దాసుపత్రిలో ల్యాబ్ మూడో కిటికీ అంటే ఏడేళ్లపాటు మగవాళ్లకి హడల్. పసిబిడ్డ నెత్తురు సీసా పట్టుకుని అక్కడికి వచ్చినవాడు ఎంత మొనగాడైనా సరే, వెనక వరసలో పదిమంది వింటుండగా పెళ్లాం పేరు పైకి చెప్పాల్సిందే. చెప్పకపోతే ఇన్షిరాహ్ సీసా ముట్టుకునేది కాదు.

"మా ఇంట్లోవాళ్ల పేరు నీకెందుకమ్మా?" అని ఒకసారి ఒకాయన ఒంటికాలి మీద లేచాడు. "చేతబడి చేయిస్తావా ఏంటి?" మా వైపు తాయెత్తులు రాసేవాళ్లు ముందు అడిగేది తల్లి పేరే. అదీ అతని అనుమానం.

"పొద్దున్నించి ఇరవై సీసాలొచ్చాయి నాయనా. ఇరవైమందికీ చేతబడి చేసే ఓపిక నాకెక్కడిది? చెప్పు, వెనక జనం ఉన్నారు."

"బిడ్డకి తండ్రిని నేను. నా పేరు రాసుకో."

"బిడ్డని నువ్వు కన్నావా? కన్నానంటే చెప్పు, నీ పేరే రాస్తాను. పేపరువాళ్లని కూడా పిలుస్తాను."

వరసంతా గొల్లున నవ్వింది. అతను చెవులదాకా ఎర్రబడి, కిటికీలోకి తల దూర్చి, గుసగుసగా ఏదో అన్నాడు. "గట్టిగా" అంది ఆవిడ. గట్టిగానే చెప్పాడు పాపం. ఆవిడ రాసుకుని, ఫైలు నంబరుతో సహా తిరిగి చదివి వినిపించి, "అంతేకదా?" అంది. ఎంత చిన్న సంగతైనా విన్నది తిరిగి చెప్పి "అంతేకదా?" అనడం ఆవిడకి ఆ బల్ల దగ్గర అబ్బిన అలవాటు. కూరగాయల బండివాడి దగ్గర కూడా అలాగే అనేది.

ఊళ్లో వాళ్లు ఊరుకుంటారా? "మొగుడు పోయాడు, పిల్లాపీచూ లేరు, ఆడవాళ్ల పేర్లు అరిపించుకుని ఆనందిస్తోంది" అన్నారు. ఇంకా పాడు మాటలు కూడా అన్నారు, అవి నేను రాయను. ఆవిడ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు. కిందటేడు అరవై నిండి ఉద్యోగం దిగిపోయేదాకా అడుగుతూనే ఉంది.

ఇన్షిరాహ్ పుట్టింది పత్తి మిల్లు వెనక వాడలో. ల్యాబ్ పని చదువుకుని, పంతొమ్మిదో ఏట రజబ్ ఫర్గలీని చేసుకుంది. రజబ్‌ది రైలు గేటు దగ్గర ఉద్యోగం. మంచివాడే, కాకపోతే నోట్లోంచి మాట ఊడిపడేది కాదు. ఏడాది తిరక్కుండా వాళ్లకి కొడుకు పుట్టాడు. మూడో రోజున బిడ్డ ఒళ్లు కాలిపోయి, పాలు మానేశాడు. ఈ ఆసుపత్రికే తీసుకొచ్చారు. నెత్తురు తీసి సీసాలో పోసి, ఆ సీసాని వెచ్చటి పెట్టెలో పెట్టారు. ఆ రోజుల్లో సీసాలో పురుగు పెరగాలి, పెరిగినదాన్ని పళ్లెంలో వెయ్యాలి, అక్కడా పెరిగాక అది ఏ మందుకి చస్తుందో ఇంకో పళ్లెంలో చూడాలి. నాలుగు రోజులు పట్టేది, ఒక్కోసారి ఐదు. పసిబిడ్డకి అంత వ్యవధి ఎక్కడిది? ఐదో రోజున పోయాడు.

మా దగ్గర బిడ్డకి పేరు పెట్టేది ఏడో రోజున. కొత్త జల్లెడలో పడుకోబెట్టి, చెవి దగ్గర ఇత్తడి రోలు మోగించి, కొవ్వొత్తులు వెలిగించి, అప్పుడు పిలుస్తారు పేరు. జల్లెడ అప్పటికే కొని గోడకి తగిలించి ఉంది. రజబ్, వాళ్లన్న కలిసి బిడ్డని తీసుకెళ్లి, కాగితాల పని చూసుకుని, మట్టి చేసి వచ్చారు. కాగితాల్లో పేరు లేకుండా కుదరదు, పుట్టుక రాస్తేగాని చావు రాయరు. అంటే ఏదో ఒక పేరు రాయించే ఉంటాడు. ఏ పేరో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. అడిగితే అతను ఏడుస్తాడని భయం, చెబితే తను తట్టుకోలేదని భయం. అతను పోయేదాకా ఇరవై ఎనిమిదేళ్లు ఒకే పళ్లెంలో తిన్నారు. ఆ మాట మాత్రం ఎత్తలేదు.

రిపోర్టు ఎనిమిదో రోజున వచ్చింది. పైన "రజబ్ ఫర్గలీ బాబు", కింద పురుగు పేరు, ఆ కింద అది లొంగే మందు పేరు. ఆ మందు ఆసుపత్రి అలమరలోనే ఉందట. మరుసటేడు అదే ల్యాబ్‌లో ఇన్షిరాహ్‌కి ఉద్యోగం వచ్చింది. అందరూ వద్దనుకునే నెత్తురు సీసాల బల్ల కోరి తీసుకుంది. పిల్లలు మళ్లీ పుట్టలేదు.

ముప్పై ఏళ్లలో పళ్లెం మూత తీసి వాసన చూసి పురుగు పేరు చెప్పేయగలిగేది. ఒకటి ద్రాక్షపళ్ల వాసన వేస్తుంది, ఇంకోటి సూదితో లాగితే తీగపాకంలా సాగుతుంది. "అక్కా, నీ ముక్కుని ఇన్సూరెన్స్ చేయించు" అని కుర్రకారు ఏడిపించేవాళ్లు. కానీ ముక్కు ఎంత చురుకైనదైతే ఏం లాభం, పళ్లెంలో పెరిగేదాకా ఆగాల్సిందేగా. రిపోర్టు పట్టుకుని వార్డుకి వెళితే మంచం ఖాళీగా ఉన్న రోజులు ఎన్నో. అలాంటి కాగితాల్ని ఆమె వెనక్కి తెచ్చి, అద్దాల అలమరలో కింది అరలో పెట్టేది. ఎందుకు దాస్తున్నావని అడిగితే, "వాళ్లకి సమాధానం వచ్చింది కదా, పారేస్తే బాగుండదు" అనేది.

ఆమెకి యాభై మూడో ఏట ల్యాబ్‌కి కొత్త యంత్రం వచ్చింది. చిన్న పొయ్యంత ఉంటుంది. సీసాలో పురుగు పెరిగిందని తెలియగానే ఒక్క చుక్క తీసి ఒకసారికే పనికొచ్చే చిన్న ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్‌లో వేసి ఆ యంత్రంలో పెడితే, అది పురుగు లోపలి జన్యువుల్ని చదివి, గంటలో చెప్పేస్తుంది: ఇది ఫలానా పురుగు, ఫలానా మందుకి లొంగదు అని. గంటలో! ఇన్షిరాహ్ ఆ మాట విని కుర్చీలో కూలబడి, నేర్పించడానికి వచ్చిన అబ్బాయి చేత మూడుసార్లు చెప్పించుకుంది. యంత్రానికి తెల్లటి గుడ్డకి అంచు కుట్టి ముసుగు వేసింది. అప్పట్నించి ల్యాబ్‌లో దాని పేరు పెళ్లికూతురు. "అక్కా, మీ పెళ్లికూతురు నిద్ర లేచిందా?" అని వేళాకోళం.

పెళ్లికూతురికి ఒకటే లోటు. కార్ట్రిడ్జ్‌లు నెలకి గుప్పెడే వచ్చేవి. ల్యాబ్ పెద్ద డాక్టర్ వజ్దీ వాటిని బీరువాలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకునేవాడు. మొదటి మూడు వారాల్లో పెద్దవాళ్ల నెత్తురు నాలుగు చూశారు. పసిబిడ్డలది ఒక్కటీ రాలేదు.

అది మంగళవారం. పొద్దున తొమ్మిదింటికి కిటికీ దగ్గరికి ఒక రైతు వచ్చాడు. మా ఆసుపత్రిలో నెత్తురు సీసా వార్డు నుంచి ల్యాబ్‌కి మోసుకొచ్చేది బిడ్డ తాలూకు మనుషులే. అతను ఆ సీసాని రెండు చేతులా గుండెకి హత్తుకుని తెచ్చాడు, చల్లబడకూడదని ఎవరో చెప్పారట. చేతులు బీటలు తీసి ఉన్నాయి. గడ్డి కోసే యంత్రంలో పోయిందేమో, కుడిచేతి బొటనవేలు సగమే ఉంది. చెప్పుల నిండా తడి మట్టి.

"బిడ్డ పేరు?" అంది ఇన్షిరాహ్.

"ఇంకా పెట్టలేదమ్మా. ఏడో రోజు శుక్రవారం. శనివారం పుట్టాడు."

"జ్వరం ఎప్పట్నించి?"

"రాత్రి నించి. పాలు తాగట్లేదు."

ఆమె కలం ఒక్క క్షణం ఆగింది. "తల్లి పేరు?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. వరసలో ఆరుగురు మగవాళ్లు. ఒకడు సిగరెట్టు చెవి మీద పెట్టుకుని వీళ్ల మాటలే వింటున్నాడు. రైతు మెడ కిందికి వాలిపోయింది. "ఇంతమందిలో మా ఇంట్లోవాళ్ల పేరెందుకులే అమ్మా. నా పేరు రాయండి. సయ్యద్ బదవీ."

ఇన్షిరాహ్‌కి ఆ మనిషిని చూస్తే రజబ్ గుర్తొచ్చాడు. ముప్పై మూడేళ్ల కిందట ఇదే కిటికీ ముందు అతనూ ఇలాగే తల దించుకుని ఉంటాడు. "సరేలే తమ్ముడూ, తండ్రి పేరు చాలు" అంది. సీసా మీద అందంగా రాసింది: సయ్యద్ బదవీ బాబు. కింద ఫైలు నంబరు చిన్న అంకెల్లో వేసింది. "నువ్వేం దిగులుపడకు. ఇప్పుడు మా దగ్గర పెళ్లికూతురుంది, గంటలో చెప్పేస్తుంది" అని కూడా అంది. అతనికి ఏమీ అర్థం కాలేదు. కానీ ఆమె నవ్విందని తనూ నవ్వాడు.

మా జిల్లాలో సయ్యద్ బదవీ అని పిలిస్తే వీధిలో పదిమంది తిరిగి చూస్తారు. మా దగ్గరి దర్గాలో పడుకున్న మహానుభావుడి పేరది. మొక్కుకుని పుట్టినవాడికీ ఆ పేరే, మొక్కకుండా పుట్టినవాడికీ ఆ పేరే. ఈ సంగతి ఇన్షిరాహ్‌కి తెలియదా? తెలుసు. పుట్టినప్పట్నించీ తెలుసు. తెలిసినదాన్నే మనిషి పట్టించుకోడు.

బుధవారం పదింటికి వెచ్చటి పెట్టె మోగింది, అంటే సీసాలో ఏదో పెరిగింది. ఆమె ఒక చుక్క తీసి రంగువేసి మైక్రోస్కోపు కింద చూసింది. ఎర్రటి పుల్లలు, కుప్పలు కుప్పలుగా. తిన్నగా డాక్టర్ వజ్దీ గదిలోకి వెళ్లి చెయ్యి చాచింది. "తాళంచెవి ఇప్పించండి."

"రెండే మిగిలాయమ్మా. నెలాఖరు ఇంకా పది రోజులుంది."

"నెలాఖరు వస్తుంది డాక్టరుగారూ, బిడ్డ రాడు."

"ఇలా ప్రతిదానికీ ఇచ్చుకుంటూ పోతే..."

"ముప్పై రెండేళ్లలో మిమ్మల్ని ఏదైనా అడిగానా? సెలవడిగానా, ప్రమోషన్ అడిగానా? మా ఆయన పోయినప్పుడు కూడా నాలుగో రోజుకి పనిలోకొచ్చాను. ఇవాళ అడుగుతున్నాను. ఇవ్వనంటే ఇక్కడే ఈ తలుపు దగ్గరే కూర్చుంటాను, మీరు నన్ను దాటుకుని భోజనానికి వెళ్లాలి."

ఆయన తల పట్టుకుని తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

ఆ గంటసేపూ ఆమె యంత్రం ముందు నుంచి కదల్లేదు. పదకొండున్నరకి తెర మీద వచ్చింది: క్లెబ్సియెల్లా. దాని కింద ఇంకో వాక్యం, వార్డులో వాడుతున్న మందుని తినేసే జన్యువు ఉంది. అంటే బిడ్డకి నిన్నట్నించి ఎక్కిస్తున్నది నీళ్లతో సమానం. లొంగే మందు వేరే ఉంది. అదీ ఆసుపత్రిలోనే ఉంది. ఇప్పుడు చెబితే ఇప్పుడే మార్చొచ్చు. ఇన్షిరాహ్ ఫోనెత్తింది. పసిపిల్లల వార్డు పెద్ద నర్సు హికమత్ పలికింది.

"హికమత్, రాసుకో. సయ్యద్ బదవీ బాబు. నెత్తురులో క్లెబ్సియెల్లా. ఇప్పుడిస్తున్న మందు పనిచెయ్యదు. డాక్టరుకి చెప్పి వెంటనే మార్పించు. తిరిగి చెప్పు."

"సయ్యద్ బదవీ బాబు. క్లెబ్సియెల్లా. ఇస్తున్న మందు పనిచెయ్యదు, వెంటనే మార్చాలి" అంది హికమత్.

"అంతే, అంతే! గంటలో వచ్చిందే హికమత్! ఒక్క గంటలో!"

ఫైలు నంబరు కాగితం మీద ఆమె కళ్లెదుటే ఉంది. చదవలేదు. ఆ సంబరంలో అంకెలు ఎవరికి కావాలి? ఆసుపత్రి ఎదురుగా మిఠాయి కొట్టుకి తనే పరిగెత్తి, ఒక పళ్లెం రవ్వ మిఠాయి, బస్బూసా, తెచ్చి ల్యాబ్ అంతా పంచింది. డాక్టర్ వజ్దీకి రెండు ముక్కలు పెట్టింది. "ఎవరి పెళ్లమ్మా?" అని ఆయన నవ్వాడు. "మన పెళ్లికూతురు కాపురానికొచ్చింది" అంది. ఆమె అలా గలగలా నవ్వడం ల్యాబ్‌లో ఎవరూ అంతకుముందు చూడలేదు.

అక్కడ వార్డులో హికమత్ చీటీ పట్టుకుని జాబితా తీసింది. రెండు రోజుల సెలవు తర్వాత ఆ పొద్దున్నే డ్యూటీకొచ్చింది. మూడో వరసలో కనబడింది: సయ్యద్ బదవీ బాబు, జ్వరం. డాక్టరు సంతకం పెట్టాడు, పావుగంటలో మందు మారిపోయింది. పేరు దొరికాక జాబితా చివరిదాకా ఎవరు చదువుతారు?

గురువారం పొద్దున ఇన్షిరాహ్ డ్యూటీ ఎక్కకముందే వార్డుకి వెళ్లింది. చేతిలో చిన్న నీలం ఉన్ని టోపీ. ఇన్నేళ్ల ఉద్యోగంలో బతికిన బిడ్డని చూడ్డానికి ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి.

"రా అక్కా, నీ మనవణ్ణి చూసుకో" అంది హికమత్. "జ్వరం దిగింది. తెల్లారగట్ల పాలు కూడా తాగాడు."

గాజు పెట్టెలో బిడ్డ ఎర్రగా, కాళ్లాడిస్తూ ఉన్నాడు. పక్కన జీన్స్ ప్యాంటు వేసుకున్న ఒక కుర్రాడు, చూపుడువేలికి ఆటో తాళంచెవి తిప్పుతూ నిలబడ్డాడు. "ల్యాబ్ అమ్మ మీరేనా? మీ చెయ్యి చల్లగుండ. మావాణ్ణి బతికించారు" అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె ఆ చేతిని చూసింది. బొటనవేలు నిండుగా ఉంది.

"నువ్వు... బిడ్డకి ఏమవుతావు బాబూ?"

"తండ్రిని."

"నీ పేరు?"

"సయ్యద్ బదవీ."

"మంగళవారం పొద్దున సీసా తెచ్చింది నువ్వు కాదు."

"నేనెక్కడ తెచ్చానమ్మా, మా అత్త తెచ్చింది. మధ్యాహ్నం. కిటికీలో అప్పుడు ఎవరో కుర్రాడున్నాడట."

టోపీ చేతిలోంచి జారిపోయింది. "హికమత్, ఇంకో సయ్యద్ బదవీ ఎక్కడ?"

"ఇంకొకడేంటక్కా?"

"ఇంకొకడున్నాడే! పొలం మనిషి. ఎక్కడున్నాడు వాడి బిడ్డ?"

హికమత్ జాబితా తీసి ఈసారి చివరిదాకా చదివింది. చదువుతూ చదువుతూ గోడకి జారగిలబడింది. లోపలి గదిలో, కిటికీ వైపు ఆఖరి పెట్టె. బిడ్డ రంగు బూడిదలోకి తిరిగింది. గొట్టం పెట్టి ఉంది. ఒంట్లోకి ఇంకా ఆ పాత మందే చుక్కచుక్కగా దిగుతోంది. పక్కన రైతు, సగం వేలున్న చేతిని గాజు మీద ఆనించి నిలబడ్డాడు. ఇన్షిరాహ్‌ని గుర్తుపట్టి, మంగళవారం నవ్వినట్టే నవ్వాడు. "గంటలో తెలుస్తుందన్నారు కదమ్మా. తెలిసిందా?" అన్నాడు.

ఆమె డాక్టరు కోసం కేక పెట్టింది. డాక్టరు పరిగెత్తుకొచ్చాడు, మందు మార్చారు, ఇంకేవేవో చేశారు. ఒక రోజు పోయింది. పెద్దవాళ్లకైతే ఒక రోజు. ఐదు రోజుల బిడ్డకి అది ఆయుష్షంతా. పదకొండు దాటుతుండగా పోయాడు. ఏడో రోజు ఇంకా రానే లేదు.

నడవలో హికమత్ ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. "చెప్పకక్కా. నీ కాళ్లు పట్టుకుంటాను. వాడు ముందే నీరసంగా ఉన్నాడు, ఎలాగూ బతికేవాడు కాదేమో. తెలిస్తే వాళ్లూరంతా ట్రాక్టర్లేసుకొచ్చి వార్డు పగలగొడతారు. నాకు ముగ్గురు పిల్లలక్కా."

"నీ పేరు రాదులే" అంది ఇన్షిరాహ్. "తప్పు నీది కాదు. నేను చెప్పింది చెప్పినట్టే తిరిగి చెప్పావు. నంబరు చదవంది నేను. తల్లి పేరు రాయంది నేను."

"దేవుడి రాత అనుకోరాదా?"

"రాసింది నేనే హికమత్. నా చేత్తో రాశాను."

వార్డులోకి మందులు తెచ్చిపెట్టే తండ్రుల్ని రానిస్తారుగాని, తల్లుల్ని పాలిచ్చే వేళలో తప్ప రానివ్వరు. మిగతా వేళంతా మెట్ల మీదే వాళ్ల కాపురం. ఆ బిడ్డ తల్లి రెండో మలుపు దగ్గర గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లుంటాయేమో. నల్లబట్టల మీద గుండెల దగ్గర తడి మరకలు, పాలు ఊరుతున్నాయి. ఇన్షిరాహ్ ఆమెకి ఒక మెట్టు కింద కూర్చుంది.

"నీ పేరేంటి తల్లీ?"

"ఆయన్నడగండి. లోపలున్నాడు."

"ఆయన పేరు నాకు తెలుసు. నీ పేరు కావాలి."

ఆ పిల్ల ఆమె మొహంలోకి చూసింది. "నా పేరు నవ్వారా" అంది. "ఇక్కడికొచ్చి మూడు రోజులైంది. ఎవరూ అడగలేదు." తర్వాత ఇంకాసేపు చూసింది. చూసేకొద్దీ ఆమె మొహం మారిపోయింది. "పోయాడా?" అంది.

"పోయాడమ్మా."

నవ్వారా గట్టిగా ఏడవలేదు. చేతులు రెండూ గుండెలకి అడ్డంపెట్టుకుని ముందుకి ఊగింది. ఇన్షిరాహ్ ఆగలేదు. ఆగితే ఇక చెప్పలేనని తెలుసు. సీసా సంగతి, పేరు సంగతి, ఫోను సంగతి, తను పంచిన బస్బూసా సంగతితో సహా అంతా చెప్పింది. "నీ బిడ్డకి రావాల్సిన మందు ఇంకో బిడ్డకి వెళ్లింది. నేను పంపించాను" అంది.

నవ్వారా తలెత్తి అడిగింది. "ఆ రెండోవాడు బతుకుతాడా?"

"బతుకుతాడు."

"వాళ్లమ్మ పేరేంటి?"

"తెలీదమ్మా" అంది. "ఆవిడ పేరూ ఎవరూ అడగలేదు."

వెనక పై మెట్టు మీద రైతు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, అంతా విన్నాడు. కొడతాడనుకుంది ఇన్షిరాహ్. కొడితే బాగుండుననుకుంది. అతను మెట్టు మీద చతికిలబడి, తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "నన్నడిగింది" అన్నాడు పెళ్లాంతో. "నీ పేరు నన్నడిగిందే. వెనక మగాళ్లున్నారని నోరు రాలేదు నాకు. నీ పేరు చెప్పుంటే బతికేవాడు."

"రెండోసారి అడగాల్సింది నేను తమ్ముడూ. అడగలేదు."

మెట్లు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు వాళ్లని తప్పుకుని వెళ్లారు.

జనన మరణాల ఆఫీసు ఆసుపత్రి వెనక గేటు పక్కనే ఉంటుంది. రెండింటికి మూసేస్తారు, మర్నాడు శుక్రవారం, సెలవు. ఆలోపు కాగితం చేతికి రాకపోతే బిడ్డని పొద్దుగూకేలోగా మట్టి చెయ్యలేరు. వాళ్లకి దారి చూపించడానికి ఇన్షిరాహ్ కూడా వెళ్లింది. అక్కడా వరస ఉంది, ఎనిమిదిమంది మగవాళ్లు. నవ్వారా బిడ్డని చున్నీలో చుట్టుకుని గుమ్మం పక్కన నిలబడింది. గుమాస్తా అబ్దెల్ గనీ ముందు పుట్టుక రిజిస్టరు తెరిచాడు, దాని పక్కనే చావు రిజిస్టరు తెరిచాడు.

"బిడ్డ పేరు?" అన్నాడు.

రైతు నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. వెనక్కి తిరిగి, ఆ ఎనిమిదిమంది తలల మీంచి గుమ్మం వైపు చూసి, గట్టిగా పిలిచాడు.

"నవ్వారా! నవ్వారా, వీడికేం పేరు పెడదాం?"

వరసలో మగవాళ్లు తలలు దించేసుకున్నారు. నవ్వారా లోపలికి వచ్చింది. అందరూ పక్కకి జరిగి దారిచ్చారు. "ఊళ్లో ఇంకెవ్వరికీ లేని పేరు" అంది. తర్వాత బల్ల మీదికి వంగి, ఆ పేరు తనే చెప్పింది. గుమాస్తా రెండు పుస్తకాల్లోనూ రాశాడు. ఆ పేరు ఇన్షిరాహ్ ఎవరికీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

వాళ్లు వెళ్లిపోయారు. వరస కరిగిపోయింది. ఒంటిగంటా నలభై అయింది. ఇన్షిరాహ్ ఒక్కతే బల్ల ముందు నిలబడి ఉంది.

"నీకేం కావాలమ్మా?" అన్నాడు గుమాస్తా. అతని చక్కెర పరీక్షలన్నీ ఆమె ల్యాబ్‌లోనే, అందుకని కాస్త మర్యాదగానే అడిగాడు.

"పాత పుస్తకం ఒకటి చూడాలి." ఆమె ఏడాది చెప్పింది, నెల చెప్పింది, తారీఖు చెప్పింది.

"ముప్పై మూడేళ్ల నాటిదా! చెదలు తిన్నాయో ఎలకలు తిన్నాయో. శనివారం రారాదూ?"

"ఇవాళే చూడు బాబూ."

అతను ఆమె మొహం చూశాడు. లోపలికెళ్లి, దుమ్ము దులుపుకుంటూ బరువైన పుస్తకం ఒకటి మోసుకొచ్చాడు. పేజీలు తిప్పాడు. "తండ్రి పేరు?"

"రజబ్ ఫర్గలీ."

"ఈ నెలలో రజబ్‌లే నలుగురున్నారు తల్లీ. ఫర్గలీలు ఇద్దరు." అతను తల ఎత్తకుండా, రోజుకి యాభైసార్లు అడిగే గొంతుతోనే అడిగాడు. "తల్లి పేరు చెప్పండి."

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"ఇన్షిరాహ్."

గుమాస్తా వేలు పేజీ మీద కిందికి జారి, ఒకచోట ఆగింది. అతను తలెత్తి ఆమెని చూసి, మళ్లీ పుస్తకంలోకి చూశాడు. "హిలాల్" అని చదివాడు, ఈసారి మెల్లిగా. "హిలాల్ రజబ్ ఫర్గలీ. తల్లి ఇన్షిరాహ్."

"హిలాల్ రజబ్ ఫర్గలీ" అని ఆమె తిరిగి చెప్పింది. "తల్లి ఇన్షిరాహ్. అంతేకదా?"

"అంతేనమ్మా" అన్నాడు అతను.